మ్యాట్ బోర్డు కోయడానికి చేతి కట్టరా, కంప్యూటర్ కట్టరా?

పటం కట్టేటప్పుడు ఫొటో చుట్టూ వచ్చే మందపాటి అట్టే మ్యాట్ బోర్డు. ఫొటో కనబడేలా అందులో కోసే ఖాళీని, అంటే కిటికీని, మామూలుగా 45 డిగ్రీల వాలుతో కోస్తారు. చేయి కాస్త వణికినా ఆ వాలులో కనబడే తెల్లటి అంచు పట్టిచ్చేస్తుంది.

చేతి కట్టర్‌తో తంటా అంతా మూలల్లోనే. బ్లేడు ముందే ఆపితే మధ్యముక్క ఊడిరాదు, దాటితే గీత పడుతుంది. అయినా రోజుకు రెండు మూడు పటాలు కట్టే షాపుకి ఇదే చాలు. కరెంటు పోయినా పని ఆగదు.

కంప్యూటర్ కట్టర్‌కి కొలతలిస్తే గుండ్రం, కోడిగుడ్డు ఆకారం, ఒకే అట్టలో పన్నెండు కిటికీలు, ఏదైనా కోసేస్తుంది. పెళ్లి ఫొటోల కొలాజ్‌కి నా ఓటు దీనికే. కానీ బ్లేడు మొద్దుబారితే ఇక్కడా అంచు నూగులా లేస్తుంది. అట్ట మందం మారితే లోతు మళ్లీ సరిచూడాలి. కొత్త బ్లేడు వేయగానే తుక్కు ముక్క మీద చిన్న చదరం కోసి, వెనక్కి తిప్పి మూలలు చూస్తాను.

కిటికీ ఫొటో కంటే ప్రతి వైపూ పావు అంగుళం తక్కువుండాలి. ఒకసారి 8×10 అంగుళాల ఫొటోకి కంప్యూటర్‌లో 7½×9½ బదులు 8×10 అనే కొట్టాను. కిటికీ చక్కగా తెగింది. ఫొటో అందులోంచి జారి బయటికొచ్చింది.