పాత డీటీపీ సిస్టమ్‌లో ఫైళ్లు తీయించేవాళ్లు ముందు ఇది చదవండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల ఒకప్పుడు డీటీపీ సెంటర్ నడిపిన ఇళ్లలో పాత సిస్టమ్‌లు ఇంకా అటకల మీద ఉన్నాయి. వాటిలోంచి ఫైళ్లు తీయించాలని ఎవరైనా అనుకుంటుంటే, సిస్టమ్ షాపు మెట్లెక్కకముందే నాకేం జరిగిందో తెలుసుకోండి. నేను పోగొట్టుకున్నది ఇక రాదు. మీదైనా మిగలాలని రాస్తున్నాను.

మా బాపు 1998 నుంచి పదకొండేళ్లు డీటీపీ షాపు నడిపారు. పగలంతా పెళ్లి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు. రాత్రిపూట మాత్రం తనకిష్టమైన పని చేసుకునేవారు. ఐనవోలు జాతరకు వచ్చే, ఒగ్గు అనే చిన్న డమరుకం వాయిస్తూ కథలు పాడే ఒగ్గు పూజారుల దగ్గర కూర్చుని మల్లన్న కథ, బీరప్ప కథ క్యాసెట్ల మీద రికార్డు చేసుకుని, ఒక్కో వాక్యం వింటూ టైపు చేసేవారు. పెంటియం 3 సిస్టమ్, విండోస్ 98, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 6.5, తెలుగుకు అను ఫాంట్లు. క్యాసెట్లు చెమ్మకు పాడైపోయాయి. పాడిన పెద్దవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. అంటే ఆ కథలు ఆ హార్డ్ డిస్క్‌లో, ఓ చెప్పుల డబ్బాలో పెట్టిన 38 ఫ్లాపీల్లో తప్ప మా దగ్గర ఇంకెక్కడా లేవు.

ఈ మధ్య బాపుకు చూపు తగ్గుతోంది. అవి పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసి చూపించాలని సిస్టమ్ ఆన్ చేస్తే, నల్ల తెర మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి అని వచ్చి ఆగింది. నాకు అర్థం కాలేదు. హనుమకొండలో పాత డేటా తీసిస్తామని బోర్డు పెట్టిన ఒక షాపుకు సీపీయూ, ఫ్లాపీల డబ్బా రెండూ పట్టుకెళ్లాను. "టెన్షన్ తీసుకోకండి అక్కా, మొత్తం యూనికోడ్‌లో వర్డ్ ఫైళ్లు చేసి పెన్ డ్రైవ్‌లో వేసిస్తాం" అన్నాడు అబ్బాయి. 3,500 రూపాయలకు మాట్లాడుకుని 2,000 అడ్వాన్స్ ఇచ్చాను. రసీదు బదులు విజిటింగ్ కార్డు వెనక అంకె రాసిచ్చాడు.

బయలుదేరేటప్పుడు బాపు ఒకటే మాట చెప్పారు. "అసలు దాని మీద చెయ్యి పెట్టనియ్యకు బిడ్డా, నకలు తీసి ఆ నకలు మీద పనిచెయ్యమను." ఆ మాట నేను షాపులో చెప్పనేలేదు.

ఆరు రోజుల తర్వాత పెన్ డ్రైవ్ ఇచ్చారు. వర్డ్ ఫైలు తెరిస్తే పేజీల కొద్దీ ప్రశ్నార్థకాలు. అడిగితే "ఫాంట్ ప్రాబ్లం అక్కా, పాత ఫైళ్లు అంతే" అన్నారు. సిస్టమ్ ఇంటికి తెచ్చుకుని, బాపు దగ్గర ఒకప్పుడు ఆపరేటర్‌గా చేసిన కాజీపేట అన్నను పిలిపించాను. ఆయన డిస్క్ తీసి చూశాక అసలు సంగతి బయటపడింది.

మొదటిది, సిస్టమ్ అసలు పాడవలేదు. ఆ ఎర్రర్ ఎక్కువగా మదర్‌బోర్డు మీద ఉండే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోతే వస్తుంది. సీఆర్2032 అంటే ఏ వాచీల షాపులోనైనా ఇస్తారు. అది మార్చి ఎఫ్1 నొక్కి ఉంటే విండోస్ 98 తెరుచుకునేది. షాపువాళ్లు మాత్రం సిస్టమ్ లేవట్లేదని సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, కొత్తగా విండోస్ ఎక్స్‌పీ వేశారు. బాపు ఫాంట్లు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న చివరి రెండేళ్ల పని, అన్నీ సీ డ్రైవ్‌లోనే ఉండేవి. డీ డ్రైవ్ జోలికి వెళ్లలేదు కాబట్టి కొంత మిగిలింది.

రెండోది ఫ్లాపీలు. చదవలేని ఫ్లాపీ పెట్టినప్పుడు విండోస్ ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. తొమ్మిది ఫ్లాపీలకు వాళ్లు అవునని నొక్కారు. ఫ్లాపీని మామూలుగా ఫార్మాట్ చేస్తే ట్రాకులన్నీ కొత్తగా రాసేస్తుంది, కింద ఉన్నది మళ్లీ దొరకదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీ మూలన చిన్న ప్లాస్టిక్ బిళ్ల జరిగేలా ఉంటుంది. దాన్ని జరిపి కన్నం తెరుచుకునేలా పెడితే ఆ ఫ్లాపీ మీద ఎవరూ ఏమీ రాయలేరు, ఫార్మాట్ కూడా కాదు. ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో 38 ఫ్లాపీలకూ నేనే చేయగలిగిన పని అది. రాసేటప్పుడు కూడా బాధగానే ఉంది.

మూడోదే నన్ను ఎక్కువ కలచివేసింది, మీలో ఎక్కువమందికి ఎదురయ్యేదీ అదే. కొంచెం వివరంగా చెప్తాను. యూనికోడ్‌లో తెలుగుకు విడిగా 128 స్థానాలు ఉన్నాయి. ఏ కంప్యూటర్‌లో చూసినా 'క' అంటే 'క'నే. పాత డీటీపీ ఫాంట్లు అలా కాదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండే స్థానాల్లోనే తెలుగు ముక్కలు కూర్చారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. ఆ ఫాంట్ ఉంటేనే కంటికి తెలుగులా కనిపిస్తుంది. ఒక కంపెనీ ఫాంట్ కోడు ఇంకో కంపెనీ ఫాంట్‌కు సరిపోదు.

కాబట్టి ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గీతలు, చుక్కలు కలిసిన చెత్తలా కనిపిస్తుంది. అది చూసి భయపడకండి. మీ కథ ఆ చెత్తలోనే భద్రంగా ఉంది. సరైన ఫాంట్ వేస్తే తెలుగు మళ్లీ కనిపిస్తుంది. ప్రమాదమంతా దాన్ని సేవ్ చేయడంలో ఉంది. ఫాంట్ లేదు, బదులు వేరేది పెట్టమంటారా అని పేజ్‌మేకర్ అడిగితే వాళ్లు శాశ్వతంగా మార్చేసి, అదే ఫైలు మీద సేవ్ చేశారు. ఏ పేరాకు ఏ ఫాంట్ ఉండేదో ఆ గుర్తు పోయింది. తర్వాత ఆ టెక్స్ట్‌ను సాదా టెక్స్ట్‌గా సేవ్ చేశారు. ఆస్కీ అనే ఆ పాత ఇంగ్లిష్ కోడులో 128 గుర్తులకే చోటు. అందులో పట్టని ప్రతి ముక్కా ప్రశ్నార్థకమైంది. చెత్తగా కనిపించేదాన్ని వెనక్కి తేవచ్చు, ప్రశ్నార్థకమైనదాన్ని ఎవరూ తేలేరు. వాళ్లు 'యూనికోడ్ చేశాం' అని ఇచ్చింది ఆ ప్రశ్నార్థకాలనే.

కాజీపేట అన్న ఎలా చేశారో చెప్తాను. హార్డ్ డిస్క్ ఊడదీసి, పాత డిస్క్‌లకుండే ఐడీఈ కనెక్షన్‌ను యూఎస్‌బీకి మార్చే కన్వర్టర్ పెట్టారు. మాకు 700 రూపాయలకు దొరికింది. పెద్ద హార్డ్ డిస్క్ యూఎస్‌బీ కరెంటుతో తిరగదు, నాలుగు పిన్నుల అడాప్టర్ కూడా వచ్చేది చూసి కొనండి. ముందు లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో మొత్తం డిస్క్‌కు ఒక ఇమేజ్, అంటే అచ్చు నకలు తీసి, డిస్క్‌ను పక్కన పెట్టేశారు. తర్వాత పనంతా ఆ ఇమేజ్ మీదే. బాపు చెప్పింది అక్షరాలా ఇదే. అన్న దగ్గర పాత ఫాంట్ల సీడీ ఉండటంతో, డీ డ్రైవ్‌లో షాపువాళ్లు ముట్టుకోని ఫైళ్లు పేజ్‌మేకర్ 6.5 వేసిన సిస్టమ్‌లో తెరుచుకున్నాయి. మల్లన్న కథ మొదటి భాగం తెర మీద తెలుగులో కనిపించినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

పేజ్‌మేకర్ ఫైళ్లను దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెరవాలంటే సీఎస్6 వరకే పనికొస్తుంది, ఆ తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు తెరవవు. ఫొటోలు చాలాసార్లు విడి ఫైళ్లుగా ఉంటాయి, కాబట్టి ఫోల్డర్ మొత్తం కాపీ చేయించండి, విండోస్ ఫోల్డర్ లోపలి ఫాంట్స్‌తో సహా. యూనికోడ్‌లోకి మార్చడం అన్నింటికన్నా చివరి పని. మార్చాక కూడా ఎవరో ఒకరు కూర్చుని వత్తులు, దీర్ఘాలు సరిచూడాల్సిందే. మేం ఇప్పుడు రోజుకు నాలుగైదు పేజీలు చూస్తున్నాం. నేను చదువుతుంటే బాపు విని తప్పులు చెప్తున్నారు.

ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ గురించి కూడా. అది మూడున్నర అంగుళాల ఫ్లాపీలకే. అయిదుంపావు అంగుళాల పెద్ద ఫ్లాపీలుంటే అది కొని డబ్బు పోగొట్టుకోకండి. ఫ్లాపీ పెట్టేముందు పైన రేకును జరిపి లోపల చూడండి. తెల్లగా బూజు కనిపిస్తే పెట్టకండి. ఆ బూజు డ్రైవ్ హెడ్‌కు అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీని కూడా గీకేస్తుంది.

షాపుకే ఇవ్వక తప్పకపోతే, అసలు డిస్క్‌కు ఇమేజ్ తీశాకే పని మొదలుపెడతామని, దేన్నీ ఫార్మాట్ చేయబోమని కాగితం మీద రాయించుకోండి. సిస్టమ్ ఆన్ చేసినప్పుడు తెర మీద ఏం వచ్చిందో ఫొటో తీసి ఉంచుకోండి. ఫ్లాపీలు లెక్కపెట్టి ఇవ్వండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తే మొదట అడిగింది బిల్లే. నా దగ్గర ఉన్నది విజిటింగ్ కార్డు వెనక రాసిన అంకె. షాపువాళ్లు మిగతా 1,500 అడగలేదు, అడ్వాన్స్ తిరిగి ఇవ్వనూ లేదు.

ఇప్పటికి మల్లన్న కథ దాదాపు మొత్తం దొరికింది. బీరప్ప కథలో చివరి భాగం ఆ తొమ్మిది ఫ్లాపీల్లో పోయింది. ఆ భాగాన్ని బాపు 2004 జాతరప్పుడు పదహారు పేజీల చిన్న పుస్తకంగా వేసి ఐనవోలులో ఉచితంగా పంచారు. పసుపురంగు అట్ట, మీద ఒగ్గు బొమ్మ. మీ ఇంట్లో, మీ ఊరి ఒగ్గు పూజారుల దగ్గర ఎక్కడైనా అది కనిపిస్తే ఫోన్‌తో పేజీలన్నీ ఫొటోలు తీసి నాకు పంపండి. పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి, నాకు ఫొటోలు చాలు.