చెన్నై కాలేజీ జట్లకు ప్లేయర్ స్టాట్స్ సర్వీసు: రేటింగ్ కాలమ్ వదిలేస్తే మంచి పనిముట్టు

బాస్కెట్‌బాల్ మ్యాచ్ అయిపోగానే అందరూ ‘ఇరవై రెండు పాయింట్లు కొట్టాడు’ అంటారు. ఆ ఇరవై రెండుకి జట్టు అవకాశాలు ఎన్ని ఖర్చయ్యాయో ఎవరూ అడగరు. అది చెప్పే రిపోర్టు కాలేజీ స్థాయిలో దొరకడమే అరుదు. చెన్నైలో నడుస్తున్న ఈ చిన్న సర్వీసు ఆ పని చేస్తోంది. మ్యాచ్‌కి ఇద్దరు వస్తారు. ఒకరు సెంటర్ లైన్‌కి ఎదురుగా కెమెరా పెడతారు, ఇంకొకరు ల్యాప్‌టాప్‌లో ప్రతి షాటు, రీబౌండు (తప్పిన షాటు బంతిని అందుకోవడం), టర్నోవర్ (షాటు వేయకుండానే బంతి పోగొట్టుకోవడం), సబ్ (ఆటగాడి మార్పు) ఎక్కిస్తారు. మర్నాడు బాక్స్ స్కోరు (ఆటగాళ్ళ అంకెల పట్టిక), షాట్ చార్టు, ప్లేయర్ రిపోర్టు చేతికొస్తాయి. ఇద్దరికీ తెలుగు, తమిళం రెండూ వచ్చు. అందువల్ల అటు పీడీ సార్‌తోనూ, ఇటు మన పిల్లలతోనూ మాట్లాడటానికి ఇబ్బంది లేదు.

రిపోర్టులో అన్నిటికన్నా విలువైనది ‘పొసెషన్‌కి పాయింట్లు’ అనే కాలమ్. పొసెషన్ అంటే బంతి చేతికొచ్చినప్పటి నుంచి ఎదుటి జట్టుకి పోయేదాకా దొరికే ఒక అవకాశం. ఉదాహరణకి ఇద్దరు గార్డులు ఉన్నారనుకుందాం. మొదటివాడు 20 షాట్లు, 4 ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి వచ్చే ఉచిత షాట్లు) వేసి 22 పాయింట్లు తెచ్చాడు, 5 టర్నోవర్లు ఇచ్చాడు. రెండోవాడు 9 షాట్లు, 4 ఫ్రీ త్రోలతో 14 పాయింట్లు తెచ్చి ఒక్క టర్నోవర్ ఇచ్చాడు. వాడిన పొసెషన్లు కావాలంటే షాట్లకి టర్నోవర్లు కలిపి, ఫ్రీ త్రోలని 0.44తో గుణించి ఆ మొత్తానికి చేర్చాలి. మొదటివాడికి 26.76, రెండోవాడికి 11.76 వస్తుంది. అంటే పొసెషన్‌కి 0.82 ఒకరిది, 1.19 ఇంకొకరిది. ట్రూ షూటింగ్ (ఫ్రీ త్రోలూ త్రీలూ కలిపి చూసే షూటింగ్ శాతం) చూసినా అంతే. పాయింట్లని, షాట్లూ 0.44 రెట్ల ఫ్రీ త్రోలూ కలిపిన మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే 50.6 శాతం, 65.1 శాతం. చప్పట్లు మొదటివాడికి పడ్డా, జట్టుకి ఎక్కువ మిగిల్చింది రెండోవాడు.

అలాగని మొదటివాడిని బెంచీ మీద కూర్చోబెట్టమని కాదు. షాట్ క్లాక్ 24 సెకన్లలో చివరి నాలుగు మిగిలినప్పుడు బంతి ఎవరి చేతికి పోతుందో, వాడి శాతం సహజంగానే పడిపోతుంది. రెండోవాడికి అన్ని షాట్లూ అప్పగిస్తే 1.19 నిలవదు. అందుకే ఈ కాలమ్‌ని ‘యూసేజ్’ (జట్టు పొసెషన్లలో ఆ ఆటగాడు వాడిన వంతు) కాలమ్‌తో కలిపే చదవాలి. రిపోర్టులో రెండూ పక్కపక్కనే వేశారు. చిన్న విషయమే అయినా ఆట తెలిసినవాళ్ళ ఆలోచన అది.

0.44 ఎందుకంటే, ప్రతి రెండు ఫ్రీ త్రోలూ ఒక పొసెషన్‌ని ముగించవు. బుట్ట పడ్డాక వచ్చే అదనపు త్రో, త్రీ పాయింట్ షాటు దగ్గర ఫౌల్‌కి వచ్చే మూడు త్రోలు, టెక్నికల్ త్రో ఉంటాయి కదా. 0.44 అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ లెక్కల్లో స్థిరపడిన అంకె. అమెరికా కాలేజీ ఆటకి స్టాట్స్ విశ్లేషకుడు కెన్ పోమెరాయ్ 0.475 వాడతాడు. మన టోర్నమెంట్లు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌తో ఆడతాయి కనుక వీడియోలోంచి సొంత అంకె తీయడమే మేలు. అడిగితే వీళ్ళు సెట్టింగ్ మార్చి ఇస్తారు. అలాగే ‘36 నిమిషాలకి’ అన్న కాలమ్ ఉంటే 40కి మార్పించండి. 36 అన్నది 48 నిమిషాల ఎన్‌బీఏ మ్యాచ్‌లో స్టార్టర్లకి సరిపోయే కొలత, మన మ్యాచ్ నాలుగు పదులు.

ఇక నచ్చనిది, వందకి వేసే ‘ప్లేయర్ రేటింగ్’. ఫార్ములా అడిగితే చెప్పరు. లోపల ఏముందో తెలియని అంకెతో ఒక పిల్లాడి సెలెక్షన్ తేల్చడం అన్యాయం. అమెరికా విశ్లేషకుడు జాన్ హాలింజర్ గేమ్ స్కోరు ఎన్నో ఏళ్ళుగా అందరి ముందూ ఉంది: పాయింట్లకి, పడిన షాట్లకి 0.4 చొప్పున కలిపి, వేసిన షాట్లకి 0.7 చొప్పున, తప్పిన ఫ్రీ త్రోలకి 0.4 చొప్పున, టర్నోవర్‌కి ఒకటి చొప్పున తీసేయాలి. ఆఫెన్సివ్ రీబౌండ్‌కి (సొంత జట్టు తప్పిన షాటుకి) 0.7, డిఫెన్సివ్‌కి (ఎదుటి జట్టు తప్పిన షాటుకి) 0.3, అసిస్ట్‌కి (బుట్టకి దారితీసిన పాస్), బ్లాక్‌కి 0.7, స్టీల్‌కి 1 కలపాలి, ఫౌల్‌కి 0.4 కొట్టేయాలి. పై ఇద్దరికీ షూటింగు, టర్నోవర్ల వరకే ఎక్సెల్‌లో వేస్తే (మొదటివాడు 8 షాట్లు పడేసి ఒక ఫ్రీ త్రో వదిలాడని, రెండోవాడు 4 షాట్లు, ఫ్రీ త్రోలన్నీ పడేశాడని అనుకుంటే) 5.8, 8.3 వస్తాయి. అది కూడా పూర్తి న్యాయం కాదు. ఎదుటివాణ్ణి షాటు వేయనివ్వకుండా కట్టేసిన డిఫెండర్‌కి బాక్స్ స్కోరులో గడే లేదు. వాడి కోసం వీడియో చూడాల్సిందే. చేయి తగిలించిన పాసులు, తెచ్చిన చార్జ్‌లు (దూసుకొచ్చినవాడి మీద పడిన ఫౌళ్ళు), అడ్డుపడిన షాట్లు విడిగా లెక్కపెట్టమని ముందే చెప్పండి.

డబ్బు కట్టేముందు ఫైలుని మూడు పరీక్షలు పెట్టండి. ఒకటి, జట్టు మొత్తం నిమిషాలు 200 రావాలి, ఓవర్‌టైమ్ ఒక్కోదానికి ఇంకో 25. రెండు, అందరి ప్లస్-మైనస్ (ఒకడు కోర్టులో ఉండగా జట్టుకి వచ్చిన పాయింట్ల తేడా) కలిపితే గెలుపు తేడాకి సరిగ్గా అయిదు రెట్లు రావాలి. 8 పాయింట్లతో గెలిస్తే 40. రాలేదంటే ఎక్కడో ఒక సబ్‌ని సగమే, అంటే లోపలికో బయటికో ఒక్కవైపే, ఎక్కించారని అర్థం. సబ్ పూర్తిగా మర్చిపోతే ఈ మొత్తం మారదు, కానీ కనీసం ఇద్దరి లెక్క తప్పుతుంది: బయటికొచ్చినవాడి ఖాతాలో లోపలికెళ్ళినవాడి పాయింట్లు పడతాయి. మూడు, రెండు జట్ల పొసెషన్లూ దాదాపు సమానంగా ఉండాలి. బంతి వంతులవారీగా చేతులు మారేదే కాబట్టి ఏడెనిమిది తేడా వచ్చిందంటే ఆఫెన్సివ్ రీబౌండ్లు గాని టర్నోవర్లు గాని జారిపోయాయి.

అసిస్టుల దగ్గర ఎక్కువ జాగ్రత్త అవసరం. పాస్ అందుకున్నవాడు షాట్‌లో ఫౌల్ అయి కనీసం ఒక ఫ్రీ త్రో పడేస్తే ఫీబా అసిస్ట్ ఇస్తుంది, ఎన్‌బీఏ ఇవ్వదు. ఇద్దరు ఆపరేటర్లు రెండు పద్ధతుల్లో కొడితే, రెండు మ్యాచ్‌ల మధ్య పాయింట్ గార్డు ‘మెరుగుపడినట్టు’ కాగితం మీద కనిపిస్తాడు.

అవుట్‌డోర్ కోర్టులో తప్పులు పెరుగుతాయి. సాయంత్రం ఫ్లడ్‌లైట్ల కింద, చెమటకి తడిసిన జెర్సీ మడత పడితే 6, 8, 9 ఒకేలా కనిపిస్తాయి. కెమెరా మనిషి ఎత్తుకి మించి లేకపోతే పెయింట్‌లో (బుట్ట కింది చతురస్రంలో) రీబౌండ్ ఎవరిదో తేలదు. గ్యాలరీ మెట్ల మీద పెట్టించండి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానకి మ్యాచ్ ఆగి మర్నాడు కొనసాగితే ఫైలు రెండు ముక్కలవుతుంది. కలిపి ఇవ్వమని అడగాలి, వాళ్ళంతట వాళ్ళు కలపరు.

సీజన్ చివర ఇచ్చే త్రీ పాయింట్ శాతాన్ని చూసి తొందరపడొద్దు. నిజంగా 35 శాతం వేసే అమ్మాయి 40 త్రీలు వేస్తే సగటున 14 పడతాయి, కానీ 11 పడినా 17 పడినా మామూలే. అంటే ఒకే ఆట 27.5 శాతంగానూ 42.5 శాతంగానూ కనిపించగలదు. పైగా మొదటి రౌండ్లో బలహీన జట్టు మీద నలభై తేడాతో గెలిచిన మ్యాచ్ ఒక్కటే సగటుని లేపేస్తుంది. ఆట తేలిపోయాక ఆడిన నిమిషాలని వడకట్టే ఫిల్టర్ వీళ్ళ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, కానీ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేయించి రిపోర్టు మళ్ళీ తీయించుకోండి, పీడీఎఫ్‌తో పాటు ముడి ఎక్సెల్ ఫైలు కూడా తీసుకోండి.