రాజస్థాన్ గుర్రపు స్వారీ యాత్రకి డబ్బు కట్టేముందు అడగండి: ఆ గుర్రాలెవరివి?

పోయిన నవంబరులో రాజస్థాన్‌లోని షెఖావతీకి 6 రాత్రుల గుర్రపు స్వారీ యాత్ర అని నేనూ, రైడింగ్ క్లాసులో నాతోపాటు నేర్చుకునే ఒకమ్మాయీ కలిసి 1,80,000 రూపాయలు కట్టాం. స్వారీ చేసింది రెండున్నర రోజులు. ఆ అమ్మాయి కుడి మణికట్టులో ఇప్పుడు స్టీలు ప్లేటు ఉంది. డబ్బులో తిరిగొచ్చింది 20,000. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. కేసు నడుస్తోంది, పైగా వాళ్లిప్పుడు ఆ పేరుతో లేరు కూడా. మా క్లాసులోనే ముగ్గురు ఈ చలికాలం ఇలాంటి ట్రిప్పుల గురించి అడిగారు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నాకు 41 ఏళ్లు. శంషాబాద్ వైపు ఒక స్కూల్లో ఏడాదిన్నరగా వారానికి రెండు రోజులు నేర్చుకుంటున్నాను. ట్రాట్ (గుర్రం చిన్న పరుగు) బాగానే వచ్చు, క్యాంటర్ (అంతకంటే వేగం) పర్వాలేదు, గ్యాలప్ (పూర్తి వేగపు దౌడు) అంటే ఇప్పటికీ దడే. అదే రింగులో గుండ్రంగా తిరిగీ తిరిగీ గానుగెద్దునైపోయానేమో అనిపించేది. ఆ అమ్మాయి నాకంటే పదేళ్లు చిన్నది, నాకంటే బాగా స్వారీ చేస్తుంది. ‘అక్కా, ఒక్కసారి బయట నేల మీద పరిగెత్తిద్దాం’ అని వెంటపడింది. నాకూ లోపల ఉన్నదే.

షెఖావతీ అంటే జైపూర్‌కి పైన ఝుంఝునూ, సీకర్, చూరూ జిల్లాల ప్రాంతం. మార్వాడీ వర్తకులు కలకత్తా, బొంబాయిల్లో సంపాదించిన డబ్బుతో సొంతూళ్లలో కట్టించుకున్న హవేలీలు ఊరూరా ఉంటాయి. గోడల నిండా బొమ్మలే. కృష్ణుడి పక్కనే రైలుబండి, ఏనుగు పక్కనే మోటారు కారు. ఊరి బయట నాలుగు మినార్లున్న పాత బావులు. సజ్జ కోత అయిపోయాక పొలాలన్నీ ఇసుక మైదానాల్లా తెరుచుకుంటాయి, గుర్రం కాలికి మెత్తటి నేల. అక్టోబరు నుంచి మార్చి దాకా రైడింగ్ సీజన్ అనేది అందుకే. ఖేజ్రీ అని వాళ్లు ప్రాణం పెట్టుకునే చెట్టు మన జమ్మిచెట్టే. వాళ్లకీ, మన తెలంగాణకీ రాష్ట్ర వృక్షం అదే. ఇదంతా చదివి పడిపోయాం. ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అబద్ధం ఉన్నది గుర్రాల దగ్గర.

వెబ్‌సైట్‌లో ‘మా సొంత మార్వాడీ గుర్రాలు’ అని పెద్ద అక్షరాలు, కింద పచ్చిక మీద దౌడు తీస్తున్న నల్లగుర్రం ఫొటో. మార్వాడీ గుర్రాన్ని చిన్నపిల్లలు కూడా గుర్తుపట్టగలరు. చెవుల కొసలు లోపలికి వంపు తిరిగి, ముందుకి పెడితే ఒకదానికొకటి తాకుతాయి. ఫొటోలో ఉన్న గుర్రం చెవులు నిటారుగా బాణాల్లా ఉన్నాయి. ఏ దేశపు గుర్రమో! ఈ సంగతి నేను టికెట్లు బుక్ చేయకముందే చదివాను, ఫొటో కూడా చూశాను. రెండిటినీ కలిపి ఆలోచించలేదు, అంతే.

ఫోన్లో మాట్లాడినతను చాలా మర్యాదస్తుడు. రోజుకి 25 నుంచి 30 కిలోమీటర్లు, వెనకాలే జీపు, ఫస్ట్ ఎయిడ్ వచ్చిన గైడ్, రాత్రికి టెంట్లు అన్నాడు. సగం డబ్బు, అంటే 90,000, యూపీఐలో కట్టమన్నాడు. అది కంపెనీ ఖాతాకి కాదు, ఎవరో వ్యక్తి పేరున్న ఖాతాకి పోయింది. మా బరువెంతో అడగలేదు. స్వారీ ఎంతవరకు వచ్చో కూడా అడగలేదు. అప్పుడు ‘ఎంత మంచివాడో, విసిగించలేదు’ అనుకున్నాం. నిజంగా గుర్రాలున్నవాడు మొదట అడిగే రెండు ప్రశ్నలే అవి. మనిషీ, జీనూ కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదని ఒక లెక్క ఉంది. అందుకే ఇలాంటి యాత్రలు నడిపేవాళ్లు చాలామంది 85, 90 కిలోల దగ్గర గీత గీస్తారు.

జైపూర్‌లో దిగి, కారులో నవల్‌గఢ్ వైపు వెళ్లేసరికి చీకటి పడింది. టెంట్లు లేవు, ఒక తోటలో రెండు గదులు. సరేలే అనుకున్నాం. భోజనాల దగ్గరే మిగతా 90,000 నగదుగా ఇవ్వమన్నాడు, ఏదో కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాడు. గుర్రాల్ని చూస్తామంటే, ‘నిద్రపోతున్నాయి, పొద్దున్న చూద్దురుగాని’ అన్నాడు. గుర్రం రోజు మొత్తం మీద నిద్రపోయేదే మూడు గంటలు. అది కూడా ఎక్కువగా నిలబడే, కునికిపాట్లు పడుతూ. అది తెలిసి కూడా డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

పొద్దున్న రెండు ఆడగుర్రాలు వచ్చాయి. లారీ దిగాయి. ఆ లారీ చూసైనా అర్థం కావాల్సింది. నాకిచ్చిన దాని జూలులో జరీ తళుకు ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. మాకోసం అలంకరించారని మురిసిపోయాను, ఫొటో కూడా తీసి ఇంటికి పంపాను. కాళ్లకి గిట్టల పైన వెంట్రుకలు అరిగి గుండ్రటి మచ్చలున్నాయి. ఎందుకని అడిగితే సాయీస్, అంటే గుర్రాల్ని చూసుకునే కుర్రాడు, నవ్వేసి ఊరుకున్నాడు.

మొదటి రోజు సగం దూరం తారు రోడ్డు పక్కనే, లారీల మధ్య నడిచాం. రెండో రోజు మధ్యాహ్నం మాత్రం ఇసుక దారి దొరికింది. దాని గురించి రాయకపోతే అన్యాయమవుతుంది. మార్వాడీ గుర్రానికి రేవాల్ అని ఒక నడక ఉంది. ట్రాట్‌లా ఎగరెయ్యదు, పడవ జారినట్టు సాగిపోతుంది. జమ్మిచెట్ల మధ్య, జిల్లేడు పొదల పక్కగా పావుగంట అలా వెళ్లాం. నేను డబ్బు కట్టింది ఆ పావుగంట కోసమే అనుకున్నాను.

సాయంత్రం జీను నేనే దింపుతానని పట్టుబట్టాను. కింది గుడ్డ వీపుకి అతుక్కుపోయి ఉంది. తీసి చూస్తే మూపు దగ్గర అరచేయంత పుండు, పచ్చిగా. పొట్ట కింద జీను పట్టీ ఒరుసుకుపోయి ఇంకొకటి. నోట్లోంచి కళ్లెం తీస్తే ఆ ఇనుప కమ్మీకి ముళ్లున్నాయి, నాలుక అంచున నెత్తురు. లాగుడు జంతువులకీ, బరువు మోసే జంతువులకీ ముళ్ల కళ్లెం వాడకూడదని 1965 నుంచీ నిబంధన ఉంది. నిబంధన మాట తర్వాత. ముందు నేను రెండు రోజులు ఆ పుండు మీద కూర్చుని ‘రేవాల్, రేవాల్’ అని మురిసిపోయాను. ఎక్కేముందు గుడ్డ ఎత్తి చూడడానికి అర నిమిషం పట్టేది.

అప్పుడు సాయీస్ నోరు విప్పాడు. పాపం, పాతికేళ్లు కూడా ఉండవు. గుర్రాలు ఆ కంపెనీవాడివి కావు. పెళ్లి ఊరేగింపులకి గుర్రాల్ని అద్దెకిచ్చే ఒక కాంట్రాక్టరువి. మన హైదరాబాద్ బరాత్‌లలో పెళ్లికొడుకుని ఎక్కిస్తారే, అలాంటివి. కాళ్ల మీది మచ్చలు గజ్జెలవి. జరీ ముందురోజు రాత్రి పెళ్లిది. కార్తీక శుద్ధ ఏకాదశితో అక్కడ పెళ్లిళ్ల సీజన్ మొదలవుతుంది. గుర్రాలు రాత్రి పెళ్లికొడుకుల్ని మోస్తున్నాయి, పగలు మమ్మల్ని. నిద్రపోతున్నాయన్న ఆ మొదటి రాత్రి అవి ఎక్కడున్నాయో మీరే ఊహించుకోండి. ‘దీదీ, డోలు మోగే చోట జాగ్రత్త, దీనికి నాట్యం నేర్పించారు’ అన్నాడు. ఆ మాట పడుకునేముందు కాకుండా డబ్బు ఇచ్చేముందు వినాల్సింది.

నేను ఆ గుర్రం మళ్లీ ఎక్కనన్నాను. ఆ అమ్మాయి గుర్రానికి పుండ్లు లేవు, మండావా ఊరి దాకా నెమ్మదిగా నడిపించుకుంటానంది. మూడో రోజు పొద్దున్న పదకొండు దాటింది. నేను సాయీస్‌తో నడిచి వస్తున్నాను. ఒక ఊరి మలుపు తిరగగానే బ్యాండు మేళం, డోళ్లు. గుర్రం ఆగిపోయింది. ఒక కాలు ఎత్తి, ఇంకో కాలు ఎత్తి, ఆ తాళానికి సరిగ్గా అడుగులు వేసింది. చూసేవాళ్లు చప్పట్లు కొట్టారు. ఈ అమ్మాయి భయపడి కళ్లెం గట్టిగా లాగింది. ముళ్ల కళ్లెం లాగితే ఇంకేమవుతుంది? గుర్రం ముందుకాళ్లు రెండూ పైకి లేపింది. ఆమె పక్కకి పడి చెయ్యి కింద ఆనించింది. గుర్రం తప్పు ఇసుమంత లేదు. దానికి నేర్పింది అది చేసింది, నొప్పి పుడితే లేచింది.

వెనకాల వస్తుందన్న జీపు లేదు. గైడ్ ఫోన్ కలవలేదు. పెళ్లివాళ్లే తమ బొలేరోలో ఎక్కించుకుని ఝుంఝునూ ఆసుపత్రికి తీసుకెళ్లారు. గంట పైనే పట్టింది. వాళ్ల ఇంటి పెద్దావిడ మేము తిరిగి బయటికొచ్చేదాకా అక్కడే కూర్చుంది, రోటీలు కట్టించి పంపింది. ఆ రాత్రి తోటకి వెళ్తే రెండు గుర్రాలూ లేవు. ముహూర్తం ఉందట, తీసుకెళ్లిపోయారు. మిగతా మూడు రోజులు కారులో హవేలీలు చూపిస్తాం, రిఫండ్ మాత్రం లేదన్నారు.

అందరూ ఇలాంటివాళ్లే అని నేను అనను. తిరిగొచ్చేముందు, అక్కడే తరాలుగా గుర్రాలు పెంచుతున్న ఒకాయన శాల చూడ్డానికి వెళ్లాను. సొంత గుర్రాలు, సొంత దాణా, ప్రతి గుర్రానికీ దాని కొలతకి సరిపోయే జీను. రాగానే నాతో జీను కింది గుడ్డ ఎత్తించి చూపించారు. గ్లాండర్స్ పరీక్ష కాగితాలు కూడా తీసి పెట్టారు. గుర్రాల నుంచి మనుషులకీ సోకే జబ్బు అది. తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే. పదిళ్ల పెళ్లిళ్లకి తిరిగే గుర్రాల విషయంలో ఆ కాగితం అడగకపోవడం ఎంత పొరపాటో ఆయన చెప్పాకే తెలిసింది. ‘మీకు ఏ గుర్రమిస్తారో దాని పేరు అడగండి బేటీ, దాని వీడియో ఇవాళ్టిది పంపమనండి’ అన్నారాయన. సొంత గుర్రం ఉన్నవాడు రెండు నిమిషాల్లో పంపుతాడు, దాని గురించి మీరు ఆపమన్నా ఆపడు. అద్దె గుర్రాలవాడు ‘అన్నీ మంచి గుర్రాలేనండీ’ అంటాడు. నేను ఇప్పుడు ఎవరడిగినా ఇదే చెబుతున్నాను. మిగతా అన్ని ప్రశ్నలకన్నా ఇది ముఖ్యం. వీడియోలో వీపు, మూపు, నోరు, గిట్టలు కనబడాలి. తేదీలు పెళ్లిళ్ల సీజన్‌లో పడుతుంటే రెండుసార్లు అడగండి. హెల్మెట్ మాత్రం వాళ్లదాని మీద ఆధారపడకుండా మీదే పట్టుకెళ్లండి. ఆ అమ్మాయికి తలకేమీ కాలేదంటే సొంత హెల్మెట్ వల్లే. వాళ్లిచ్చినవి సైకిల్ హెల్మెట్లు.

డబ్బు సంగతి. ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్లు సాహస క్రీడల కింద మినహాయింపు అని క్లెయిమ్ తిప్పి పంపేశారు. ఆఫీసు హెల్త్ పాలసీ మాత్రం హైదరాబాద్‌లో ఆపరేషన్ ఖర్చు ఇచ్చింది. హెల్త్ పాలసీల్లో మామూలుగా ఉండే ఆ మినహాయింపు వృత్తిగా అలాంటి క్రీడల్లో పాల్గొనేవాళ్లకే. మొదట అక్కడ కూడా కాదన్నారు. ‘ప్రొఫెషనల్’ అన్న మాట చూపించి మళ్లీ రాస్తే ఒప్పుకున్నారు. ఇలాంటిది ఎవరికైనా జరిగితే పాలసీలో ఆ వాక్యం వెతకండి.

నగదుగా ఇచ్చిన 90,000కి రసీదు లేదు. ఆ రాత్రి ‘పూర్తి డబ్బు అందింది, శుభరాత్రి’ అని అతను వాట్సాప్‌లో పెట్టిన మెసేజే మాకు దిక్కైంది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. ఆ తర్వాతే 20,000 వెనక్కొచ్చాయి. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. దీనికి రాజస్థాన్ దాకా తిరగక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం మనముండే చోటే వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, రెండేళ్ల లోపు వేయాలి. సంతకం పెట్టిన కాగితం చూపించి వాళ్లు భయపెట్టారు. సంతకం పెట్టినంత మాత్రాన ఫిర్యాదు హక్కు పోదని మా లాయరుగారు చెప్పారు. ఏమవుతుందో చూడాలి.

పోయిన వారం ఎవరో ఒక లింకు పంపి ‘అక్కా, ఇది బాగుందా?’ అని అడిగారు. కొత్త పేరు, కొత్త ఫోన్ నంబరు, ఈసారి ఉదయ్‌పూర్ నుంచి కుంభల్‌గఢ్ దాకా 7 రాత్రులు. పైన పచ్చిక మీద అదే నల్లగుర్రం, చెవులు బాణాల్లా నిటారుగా.