ఏపీసీ కొనొచ్చా? ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

అడ్వాన్స్‌డ్ ప్రాసెస్ కంట్రోల్, అందరూ ఏపీసీ అనేదే, ప్లాంట్ సెట్టింగులను తనంతట తానే సర్దే సాఫ్ట్‌వేర్. మా డిస్టిలేషన్ కాలమ్‌ల మీద, అంటే ద్రవాలను మరిగించి వేరుచేసే టవర్ల మీద, ఏళ్లుగా నడుస్తోంది. స్టీమ్ ఆదా అవుతుంది, ఉద్గారాలు తగ్గుతాయి, లాభం పెరుగుతుంది అని అమ్మేవాళ్లు చెప్పేది చాలావరకు నిజమే. అయితే ఆ మూడూ ఎప్పుడూ కలిసి నడవవు.

కలిసి నడిచే చోటు ముందు చెబుతాను. స్పెక్, అంటే ప్రొడక్ట్‌కి ఉండాల్సిన స్వచ్ఛత, 99.5 శాతం అడిగితే కంట్రోల్ రూమ్‌లోని బోర్డు ఆపరేటర్ 99.8 దగ్గర నడుపుతాడు. ల్యాబ్ రిజల్ట్ వచ్చేసరికి గంటలు పడుతుంది, ఈలోగా ప్రొడక్ట్ చెడితే మాట పడేది తనే మరి. అందుకని రిఫ్లక్స్ (పైన చల్లబరిచి మళ్లీ కాలమ్‌లోకి పంపే ద్రవం) పెంచి పెట్టుకుంటాడు. స్వచ్ఛత పెరిగేకొద్దీ ఆ చివరి కాస్త కోసం, కాలమ్ అడుగున ద్రవాన్ని మరిగించే రీబాయిలర్ తాగే స్టీమ్ అంతకంతకూ ఎక్కువవుతుంది. ఏపీసీ నిమిషానికోసారి లెక్క వేసుకుని, ఊగిసలాట తగ్గించి, కాలమ్‌ని స్పెక్ అంచుకు దగ్గరగా నిలబెడుతుంది. ఆ మేరకు బాయిలర్‌లో ఇంధనం మిగులుతుంది. సహజవాయువైతే ఒక్కో గిగాజౌల్‌కి సుమారు 56 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గినట్టే.

నాకు బాగా నచ్చింది రాత్రిపూట పనితీరు. బయట చల్లబడగానే, పైకొచ్చిన ఆవిరిని చల్లబరిచే కండెన్సర్‌కి బలం వస్తుంది. ఏపీసీ కాలమ్ ప్రెషర్‌ని మెల్లగా దించుతుంది. ప్రెషర్ తగ్గితే చాలా హైడ్రోకార్బన్లు తేలిగ్గా విడిపోతాయి కనుక స్టీమ్ కూడా దిగుతుంది. మరీ దించితే ఆవిరి వేగం పెరిగి, ద్రవం కిందికి దిగలేక కాలమ్ ఫ్లడ్ అవుతుంది. అందుకే డిఫరెన్షియల్ ప్రెషర్ (కాలమ్ అడుగుకీ పైకీ మధ్య ప్రెషర్ తేడా) మీద ఒక హద్దు పెడతారు. మనిషి చేయలేడని కాదు, రాత్రంతా కూర్చుని చేయడు.

ఇక పేచీ ఎక్కడంటే, ఏపీసీకి మనం ఇచ్చిన ధరలే తెలుసు. ప్రొడక్ట్ ధర బాగుంటే ఫీడ్‌ని, అంటే లోపలికి వెళ్లే ముడిసరుకుని, హద్దు దాకా తోస్తుంది. టన్నుకి ఉద్గారం తగ్గి, మొత్తం మాత్రం పెరగొచ్చు. రిపోర్టులో మొదటి అంకె రాసుకుంటారు, చిమ్నీలోంచి పోయేది రెండోది. ఫర్నేస్‌లోనూ అంతే. అదనపు ఆక్సిజన్ తగ్గిస్తే ఇంధనం ఆదా, మరీ తగ్గిస్తే కార్బన్ మోనాక్సైడ్ ఎగబాకుతుంది. దానికి అనలైజర్ పెట్టి హద్దుగా ఎక్కించకపోతే ఏపీసీ దాన్ని పట్టించుకోదు.

లెక్కల పద్ధతి పాతదే. షెల్ ఇంజినీర్లు 1970లలోనే వాడారు, అందులో పెద్దగా లోపం లేదు. దెబ్బతినేది కిందిస్థాయిలో: పట్టేసిన వాల్వ్, ట్యూనింగ్ చెడిన పీఐడీ లూప్ (ఒక్కో వాల్వ్‌ని నడిపే మామూలు కంట్రోలర్), కాలమ్ లోపలి ట్రేలు మార్చాక కూడా ఏపీసీలో కాలమ్ పాత మోడలే. అప్పుడు ఆపరేటర్ దాన్ని ఆపడు, లిమిట్లు బిగిస్తాడు. స్క్రీన్ మీద పచ్చగా ‘ఆన్’ అనే ఉంటుంది. ట్రెండ్ తెరిస్తే హై లిమిట్, లో లిమిట్ దాదాపు ఒకే గీత. మధ్యలో కదలడానికి దానికి చోటేది?

పెద్ద కాలమ్‌లు, తరచూ మారే ఫీడ్ ఉన్నవాళ్లు నిరభ్యంతరంగా కొనండి. ఫీడ్ మారని చిన్న కాలమ్‌కైతే మంచి ట్యూనింగ్, నికరంగా పనిచేసే అనలైజర్ చాలు. కొనేటప్పుడు, మళ్లీ స్టెప్ టెస్ట్ (సెట్టింగులు కాస్త కదిపి, కాలమ్ స్పందన చూసి మోడల్ కట్టే పరీక్ష) చేయాల్సొస్తే ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోండి.