బెర్లిన్‌లో స్వలింగ ప్రేమ కళ: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

బెర్లిన్ వెళ్తున్నామంటే మనవాళ్లు చెప్పే లిస్టు ఒకటే: గోడ ముక్కలు, బ్రాండెన్‌బర్గ్ గేటు, టీవీ టవర్. కుర్రాళ్లయితే రెండు మూడు క్లబ్బుల పేర్లు కలుపుతారు. నేను వెళ్లింది వేరే పని మీద. మగవాళ్లు మగవాళ్లనీ, ఆడవాళ్లు ఆడవాళ్లనీ ప్రేమించడం గురించి పత్రికలు, సినిమాలు, పాటలు బాహాటంగా వచ్చిన ఊరది. ప్రపంచంలో తొలి గే పత్రికగా చెప్పుకునే ‘డెర్ ఐగెనె’ను అడాల్ఫ్ బ్రాండ్ 1896లో అక్కడే మొదలుపెట్టాడు. 1920ల్లో ‘డీ ఫ్రాయిండిన్’ అనే లెస్బియన్ పత్రిక రోడ్డు పక్క బడ్డీల్లో దొరికేది. అదంతా ఏమైంది, ఇవాళ వెళ్తే కంటికి కనిపించేదెంత, దానికి పెట్టే డబ్బుకీ తిరిగే ఓపికకీ గిట్టుబాటవుతుందా అన్నదే ఈ రాత. తోడుగా లైప్‌జిగ్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా చిన్నాన్న కూతురు వచ్చింది. బొమ్మలు నేర్పడం నా పని కాబట్టి మ్యూజియంలో గంటలు గంటలు నిలబడగలను. తను నిలబడలేదు. ఆ తేడా ఈ రాతలో కనిపిస్తుంది.

ముందు బస సంగతి. ఈ విషయం మీద వెళ్లేవాళ్లు షోనెబర్గ్‌లోని నోలెన్‌డోర్ఫ్‌ప్లాట్జ్ చుట్టుపక్కల దిగడం మంచిది. నాలుగు మెట్రో లైన్లు అక్కడ కలుస్తాయి. గే బార్లు, పుస్తకాల షాపులు వందేళ్ల కిందటా ఆ వీధుల్లోనే ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మేం దిగిన చిన్న పెన్షన్‌లో (ఇంటి తరహా లాడ్జి) లిఫ్ట్ లేదు, ఏసీ లేదు, పొద్దున టిఫిన్ అంటే బ్రెడ్డు, చీజు, ఉడికించిన గుడ్డు. శుక్రవారం రాత్రి కింద బారు ముందు మాటల హోరు చాలాసేపు ఆగలేదు. అయినా గది శుభ్రం, ఇంటావిడ మంచిది. ఇద్దరు ఆడవాళ్లం ఒకే గది అడిగితే ఎవరూ కనుబొమ్మ ఎగరేయలేదు. హైదరాబాద్‌లో ఒక లాడ్జిలో ఇలాంటి గది కోసమే ఆధార్ కార్డులు, ఇంటి నంబర్లు, చుట్టరికం అన్నీ చెప్పుకున్న గొడవ గుర్తొచ్చింది.

తర్వాత అలెగ్జాండర్‌ప్లాట్జ్ దగ్గర పెద్ద హోటల్‌కి మారాం. నిశ్శబ్దంగా ఉంది, మంచాలు వెడల్పు, కానీ ఏ ఊళ్లో ఉన్నామో తెలియని గది. సిటీ ట్యాక్స్ ధరలోనే కలిపి ఉందని బుకింగ్‌లో రాసి ఉన్నా కౌంటర్లో మళ్లీ అడిగారు. మెయిల్ చూపించాక తీసేశారు. బెర్లిన్‌లో 2025 నుంచి గది అద్దె మీద ఈ పన్ను 7.5 శాతం. చిన్న మొత్తమేం కాదు, కాబట్టి బుక్ చేసేటప్పుడే చూసుకోండి. రెండింట్లో మళ్లీ దిగమంటే నేను లిఫ్ట్ లేని ఇంటికే వెళ్తాను. మా చెల్లిని అడిగితే రెండోదే అంటుంది.

షోనెబర్గ్‌లో బుధ, శనివారాల్లో వింటర్‌ఫెల్ట్‌ప్లాట్జ్ సంత జరుగుతుంది. శాకాహారులకి అక్కడి ఫలాఫెల్ చాలు, ఇంకేం వెతుక్కోనక్కర్లేదు. ఆదివారం సూపర్‌మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి, శనివారమే పాలు, పళ్లు కొని పెట్టుకోవాలి.

ఆ చుట్టుపక్కల ‘గే చరిత్ర’ వాకింగ్ టూర్లు చాలానే ఉన్నాయి. డబ్బిచ్చి ఒక దాంట్లో చేరాం. గైడు కుర్రాడు హుషారైనవాడే గానీ చెప్పినదంతా క్యాబరేలు, ఎవరు ఎవరితో తిరిగారు, ఏ డాన్సర్ ఏం తాగింది అన్న కబుర్లు. వదిలేయొచ్చు. ఆ దారి మనమే నడవగలం. మెట్రో స్టేషన్ గోడ మీద 1989లో పెట్టిన గులాబీ త్రికోణం ఫలకం ఉంది. నాజీ క్యాంపుల్లో స్వలింగ ప్రేమికుల బట్టల మీద కుట్టిన గుర్తు అది. నోలెన్‌డోర్ఫ్ వీధి 17వ నంబరు ఇంటి దగ్గర ఇంగ్లిష్ రచయిత క్రిస్టఫర్ ఇషర్‌వుడ్ పేరుతో ఒక ఫలకం కనిపిస్తుంది. మోట్జ్ వీధి మూలలో ఎల్డొరాడో క్లబ్బు ఉండేది. ఆడవేషం కట్టిన మగవాళ్ల డాన్సులు చూడ్డానికి మామూలు కుటుంబాలు, టూరిస్టులు కూడా వచ్చేవాళ్లట. చిత్రకారుడు ఓటో డిక్స్ 1927లో ‘ఎల్డొరాడో’ పేరుతో ఒక బొమ్మ వేశాడు. నాజీలు వచ్చేసరికి ఆ తలుపుల మీద స్వస్తిక జెండాలు కట్టిన ఫోటో ఒకటి ఉంది. ఆ ఫోటో ముందే చూసి వెళ్తే తప్ప ఆ మూలలో నిలబడి ప్రయోజనం లేదు.

ష్వూలెస్ మ్యూజియం, అంటే గే మ్యూజియం, అక్కడికి పావుగంట నడక. 1984లో బెర్లిన్ మ్యూజియంలో గే, లెస్బియన్ జీవితం మీద ఒక ప్రదర్శన పెట్టారు. దాని వెనకున్నవాళ్లే మరుసటేడు సొంతంగా ఈ సంస్థ మొదలుపెట్టారు. మొదట క్రాయిట్జ్‌బర్గ్‌లో ఉండేది, 2013లో లూట్జో వీధి 73కి మారింది. ఊళ్లో చాలా మ్యూజియాలకి సోమవారం సెలవైతే దీనికి మంగళవారం. కొన్ని గదులే, ప్రదర్శనలు మారుతుంటాయి. ఫలానాది తప్పకుండా చూడాలని అనుకునేవాళ్లు ముందే వాళ్ల వెబ్‌సైట్ చూసుకుని వెళ్లాలి. నాకు మాత్రం ఇలాంటి మ్యూజియంలో గోడల కన్నా లైబ్రరీయే ముఖ్యం. ఆ కాలపు పత్రికల్లో ఏముందో చూడండి: కథలు, పెళ్లి ప్రకటనల్లాంటి పరిచయాల కాలమ్, డాన్సు హాళ్ల అడ్వర్టైజ్‌మెంట్లు. కళాఖండాలేం కావు, చవక కాగితం. మన పాత వారపత్రికల్లో వెనక పేజీలు ఎలా ఉండేవో అలా ఉంటాయి. ఈ ప్రేమ రహస్యం మాత్రమే కాదని, దానికీ ఒక బజారు, రోజువారీ బతుకు ఉండేవని ఆ పేజీలే చెబుతాయి. మ్యూజియంలో గంట, లైబ్రరీకి ముందే రాసి వెళ్లగలిగితే ఒక పూట కేటాయించండి.

టూర్ బస్సులకి డబ్బు పోయకండి. జూ స్టేషన్ నుంచి అలెగ్జాండర్‌ప్లాట్జ్ దాకా వెళ్లే 100 నంబరు సిటీ బస్సు ఈ కథలోని మూడు చోట్లనీ కలుపుతుంది. ఏబీ జోన్ (ఊరి లోపలి) సింగిల్ టికెట్ ఒకే దిశలో రెండు గంటలు చెల్లుతుంది, మధ్యలో దిగి మళ్లీ ఎక్కొచ్చు. కాగితం టికెట్ అయితే మిషన్‌లో ముద్ర వేయించడం మరవద్దు. చెకింగ్ వాళ్లు మామూలు బట్టల్లోనే వస్తారు.

మొదటి స్టాపు టియర్‌గార్టెన్ పార్కులో హౌస్ డెర్ కుల్టూరెన్ డెర్ వెల్ట్ అనే సాంస్కృతిక కేంద్రం. ఇక్కడికి దగ్గర్లోనే, ఒకప్పుడు వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోఆఖిమ్‌ది అయిన భవనంలో డాక్టర్ మాగ్నుస్ హిర్ష్‌ఫెల్డ్ 1919లో తన లైంగిక విజ్ఞాన సంస్థను తెరిచాడు. ఆస్పత్రి, లైబ్రరీ, మ్యూజియం అన్నీ అందులోనే. ఆయన పోరాటం అంతా మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరం చేసిన 175వ సెక్షన్ మీద, మన 377కి జర్మన్ తోబుట్టువు లాంటి చట్టం అది. అదే ఏడాది దర్శకుడు రిచర్డ్ ఓస్వాల్డ్‌తో కలిసి ‘ఆండెర్స్ ఆల్స్ డీ ఆండెర్న్’ అనే సినిమాకి పనిచేశాడు, అందులో డాక్టరుగా తనే కనిపించాడు కూడా. ఒక వయొలిన్ కళాకారుడికి శిష్యుడి మీద ప్రేమ, ఆ సంగతి పట్టుకుని డబ్బు గుంజే బ్లాక్‌మెయిలర్, కోర్టు, చివరికి ఆత్మహత్య. కథానాయకుడు కొన్రాడ్ ఫైట్. 1940లో మన మైసూరు కుర్రాడు సాబు నటించిన ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’లో జాఫర్ వేషం వేసింది ఈయనే. ఏడాది తిరక్కుండానే సెన్సారు చట్టం వచ్చి ఆ సినిమా మామూలు జనానికి అందకుండా పోయింది. హిర్ష్‌ఫెల్డ్ అందులో కొంత భాగాన్ని 1927లో మరో సినిమాలో చేర్చాడు. ఉక్రేనియన్ టైటిల్స్‌తో ఉన్న ఒక ప్రింటు దొరికింది కాబట్టి ఇవాళ ఆ ముక్కలైనా చూడగలుగుతున్నాం. వెళ్లే ముందు వాటిని చూసి వెళ్లండి. ఎందుకంటే ఆ భవనం ఉన్న చోట ఇప్పుడు భవనం లేదు. 1933 మే 6న నాజీ విద్యార్థులు దోచుకుపోయారు. మిగిలిన గోడల్ని తర్వాత యుద్ధంలో బాంబులు కూల్చాయి. పచ్చిక, చెట్లు, ఒక గుర్తు ఫలకం, అంతే. స్ప్రే నది ఒడ్డున ఆయన పేరు పెట్టిన దారిలో 2017 నుంచి ఆరు పెద్ద లిల్లీ పూల శిల్పం నిలబడి ఉంది. చూడముచ్చటగానే ఉంది, దాని కోసమే వెళ్లక్కర్లేదు.

రెండోది బేబెల్‌ప్లాట్జ్, ఒపెరా దగ్గర. సంస్థ నుంచి ఎత్తుకొచ్చిన పుస్తకాలను మే 10 రాత్రి తగలబెట్టింది ఇక్కడే. హిర్ష్‌ఫెల్డ్ తల శిల్పాన్ని కూడా కర్రకి గుచ్చి ఊరేగించారు. ఆయన అప్పటికి దేశంలో లేడు. 1931లో ప్రపంచ యాత్రలో భాగంగా మన దేశానికీ వచ్చి, ఇండియాని కించపరుస్తూ క్యాథరిన్ మేయో రాసిన పుస్తకాన్ని తప్పుబట్టిన మనిషి, తన జీవితకాలపు పని కాలిపోవడం పారిస్‌లో ఒక థియేటర్లో న్యూస్‌రీల్‌గా చూశాడు. 1935లో నీస్‌లో పోయాడు. ఇజ్రాయెల్ శిల్పి మిఖా ఉల్మాన్ 1995లో చేసిన స్మారకం నేల కింద ఉంటుంది: గాజు పలక అడుగున 20,000 పుస్తకాలు పట్టే ఖాళీ అరలు. మధ్యాహ్నం వెళ్తే ఆకాశం ప్రతిబింబం తప్ప ఏమీ కనబడదు. లోపల దీపం వెలుగుతుంది కాబట్టి చీకటి పడ్డాకే వెళ్లండి. టికెట్ లేదు, క్యూ లేదు. ఈ ఊళ్లో నన్ను కదిలించిన ఆధునిక కళ ఇదొక్కటే. టియర్‌గార్టెన్‌లో 2008లో ఎల్మ్‌గ్రీన్, డ్రాగ్‌సెట్ అనే కళాకారులు నాజీలు వేధించిన స్వలింగ ప్రేమికుల కోసం కట్టిన కాంక్రీటు స్మారకం, చిన్న కిటికీలోంచి ముద్దు పెట్టుకునే జంట వీడియో కనిపించేది, తెలివైన పనే గానీ నాకు అంత పట్టలేదు. మా చెల్లికి మాత్రం అదే నచ్చింది. “కనీసం మనుషులు కనిపిస్తున్నారక్కా” అంది. కాదనలేకపోయాను.

మూడోది లుస్ట్‌గార్టెన్ స్టాపులో ఆల్టెస్ మ్యూజియం. పెర్గమాన్ బలిపీఠం ఉన్న పక్క మ్యూజియం మరమ్మతుల్లో ఉండటంతో చాలామంది మ్యూజియాలన్నీ ఉన్న ఈ నది దీవికే రావడం మానేస్తున్నారు. పొరపాటు. ఇటలీలోని వుల్చిలో దొరికిన సోసియాస్ గిన్నె ఇక్కడుంది. సుమారు క్రీస్తుపూర్వం 500 నాటి ద్రాక్షసారా గిన్నె, లోపలి గుండ్రంలో బొమ్మ. ట్రాయ్ యుద్ధంలో గ్రీకు వీరుడు పాట్రోక్లస్ చేతికి బాణం తగిలింది, సహవీరుడు అకిలీస్ మోకాళ్ల మీద కూర్చుని కట్టు కడుతున్నాడు. పాట్రోక్లస్ నొప్పికి తల పక్కకి తిప్పుకున్నాడు, పళ్లు బయటికి కనిపిస్తున్నాయి, ఒక పాదం గుండ్రటి అంచుని తన్నిపట్టింది. అకిలీస్ కళ్లు కట్టు మీద నుంచి కదలవు. ముద్దు లేదు, కౌగిలి లేదు. ఆ యుద్ధాన్ని కావ్యంగా చెప్పిన హోమర్ వాళ్లని ప్రేమికులని ఎక్కడా అనలేదు. తర్వాతి గ్రీకుల్లో చాలామంది మాత్రం అలాగే అనుకున్నారు. ప్లేటో ‘సింపోజియం’లో ఇద్దరిలో ఎవరు ప్రేమించినవాడు, ఎవరు ప్రేమ పొందినవాడు అన్నంత వరకే వాదన. ఎరుపు, నలుపు, కాస్త తెలుపు తప్ప రంగుల్లేవు. కట్టు మడతల్ని ఆ చిత్రకారుడు ఎంత ఓపిగ్గా గీశాడో చూడ్డానికే నేను అద్దానికి ముక్కు ఆనించాను. “ఈ గిన్నె కోసమా అక్కా ఇంత దూరం?” అంది చెల్లి, అప్పటికే బెంచీ మీద కూలబడి. అవును, దీని కోసమే.

దగ్గర్లోనే ఆల్టె నాట్సియోనాల్‌గాలెరీలో హాన్స్ ఫాన్ మారేస్ 1873లో వేసిన పడవవాళ్లున్నారు. నడుం పైన బట్టల్లేని మగ శరీరాలు, తెడ్ల మీద వంగిన వీపులు. నేపుల్స్‌లోని సముద్ర జీవశాస్త్ర కేంద్రం గోడ కోసం చేసిన స్టడీ. ఇది చూస్తుంటే ఒక సంగతి తట్టింది. పురాణమో, వ్యాయామమో, స్నేహమో అన్న పేరు తగిలించుకున్న బొమ్మలన్నీ రాజుల గోడల మీదే భద్రంగా ఉన్నాయి. ఏ పేరూ తగిలించుకోకుండా ‘మేం ఇదే’ అని చెప్పిన పత్రికలు, సినిమాలు, డాక్టరు ఫైళ్లు మంటల్లోకి పోయాయి. బెర్లిన్‌లో ఎక్కడ తిరిగినా ఈ లెక్కే ఎదురైంది.

యాన్నె మామెన్ దీనికి మినహాయింపు. ఆడవాళ్ల బార్లలో కూర్చుని, అక్కడి ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకునే చూపులు వాటర్ కలర్‌లో, పెన్సిల్‌తో పట్టిన చిత్రకారిణి. నాజీల కాలంలో ఏమీ ప్రదర్శించకుండా కుర్‌ఫ్యూర్‌స్టెన్‌డామ్ వీధి 29లోని మేడ మీది గదిలోనే ఉండిపోయింది. 1976లో పోయేదాకా అదే ఇల్లు. ఆ గదిని అలాగే కాపాడారు గానీ ముందుగా అడిగి అనుమతి తీసుకుంటేనే చూడనిస్తారు. చాలా ముందే రాసుకోండి.

ఇంకో పూట ఉంటే పోట్స్‌డామ్. ఊరి బయట కాబట్టి దీనికి ఏబీసీ టికెట్ కావాలి, ఏబీతో ఎక్కితే జరిమానా. స్టేషన్ నుంచి 695 బస్సు. సాన్సూసి ప్యాలెస్ లోపలికి టైము వేసిన టికెట్లే ఇస్తారు, సోమవారం సెలవు. లోపల బంగారు పూత ఎక్కువ, నాకు విసుగొచ్చింది. బయట ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ సమాధి మీద జనం బంగాళాదుంపలు పెట్టి వెళ్తుంటారు, అది మాత్రం సరదాగా ఉంది. అసలు చూడాల్సింది న్యూ ప్యాలెస్ వైపున్న స్నేహ మందిరం. ఆ ఫ్రెడరిక్కే 1768–70లో తన అక్క విల్‌హెల్మీనె జ్ఞాపకంగా కట్టించాడు. లోపల ఆవిడ పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటుంది. స్తంభాల మీది గుండ్రటి పతకాల్లో మాత్రం గ్రీకు, రోమన్ కథల్లోని నాలుగు మగ జంటలు: ఒరెస్టిస్–పిలాడిస్, నైసస్–యూరియలస్, హెరాక్లిస్–ఫిలాక్టిటిస్, థీసియస్–పిరిథోవస్. ఈ రాజు యువరాజుగా ఉన్నప్పుడు తండ్రి దగ్గర్నుంచి పారిపోబోతే, సాయపడిన మిత్రుడు కాటెకి 1730లో అతని కళ్లెదుటే తల తీయించారు. వాళ్ల మధ్య ఉన్నది స్నేహమా, ప్రేమా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మందిరానికి టికెట్ లేదు, జనం లేరు. ప్యాలెస్ డబ్బు మిగుల్చుకుని నేరుగా ఇక్కడికే రావచ్చు, బస్సు న్యూ ప్యాలెస్ స్టాపు దాకా వస్తుంది. తినడానికి దగ్గర్లో పెద్దగా ఏమీ లేదు, పులిహోర కట్టుకెళ్లిన మా చెల్లికి ఆ రోజు దండం పెట్టాను.