సింక్రనస్ స్టాండ్‌బైనా, వాల్ ఆర్కైవింగా: ముందు ఏది?

"పోస్ట్‌గ్రెస్‌లో సింక్రనస్ రెప్లికేషన్ పెట్టేశాం. ఇక ఆర్కైవింగ్ దేనికండీ, డిస్క్ దండగ కదా?" పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాడేవాళ్ల నుంచి ఈ ప్రశ్న నాకు తరచూ వస్తోంది. స్టాండ్‌బై అంటే ప్రధాన సర్వర్ (ప్రైమరీ)లో జరిగే మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే నకలు సర్వర్. సింక్రనస్ అంటే మార్పు ఆ నకలుకు చేరాకే కమిట్ (ఖాయం) అయిందని చెప్పడం. వాల్ (WAL) అంటే ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్, ఆ ఫైళ్లను వేరేచోట దాచడమే ఆర్కైవింగ్. రెండింట్లో ఒక్కటే కుదిరే పరిస్థితి ఉంటే, నేను ఆర్కైవింగే పెట్టమంటాను.

సర్వర్ చెడిపోతే కాపాడేది స్టాండ్‌బై. కానీ ఎవరో వేర్ క్లాజ్ (ఏ వరుసలో చెప్పే షరతు) మర్చిపోయి డిలీట్ కొడితే? ఆ డిలీట్ స్టాండ్‌బైకీ వెంటనే చేరిపోతుంది, అక్కడా డేటా ఉండదు. ఆర్కైవ్ ఉంటే పాత బేస్ బ్యాకప్ (మొత్తం డేటాబేస్ కాపీ) తీసుకుని, వాల్ ఫైళ్లను రీప్లే చేస్తూ, సరిగ్గా ఆ డిలీట్‌కు ముందు ఆపేయొచ్చు. నా దృష్టిలో తేల్చేది ఇదే.

అలాగని సింక్రనస్‌ను తీసిపారేయలేం. కమిట్ అయిందని చెప్పిన ఏ లావాదేవీ పోకూడదంటే అదే దారి. ఆర్కైవింగ్‌లో 16 ఎంబీ సెగ్మెంట్ (ఒక వాల్ ఫైలు) నిండేదాకా ఫైలు బయటికి పోదు. నిండకపోయినా ఫైలు పంపేసే గడువు ఆర్కైవ్_టైమౌట్‌ను 60 సెకన్లు పెట్టినా, మెషీన్ పూర్తిగా పోతే చివరి నిమిషం పనికి భరోసా లేదు.

అయితే ఒక్క స్టాండ్‌బైతో సింక్రనస్ వద్దు. అది పడిపోతే ప్రైమరీలో కమిట్లన్నీ జవాబు కోసం ఎదురుచూస్తూ ఆగిపోతాయి. కనీసం రెండు పెట్టి, సింక్రనస్_స్టాండ్‌బై_నేమ్స్ సెట్టింగ్‌లో 'ఎనీ 1' అనండి. వెర్షన్ 10 నుంచీ ఉంది. ఇద్దరిలో ఎవరు ముందు జవాబిచ్చినా కమిట్ కదులుతుంది. సింక్రనస్_కమిట్ సెట్టింగ్ 'ఆన్' చాలు. స్టాండ్‌బైలో చదివేవాళ్లకు తాజా డేటా వెంటనే కనపడాలంటేనే 'రిమోట్_అప్లై'. పేమెంట్లకు ఆన్ ఉంచి, క్లిక్ లాగ్‌ల లాంటి వాటికి ట్రాన్సాక్షన్ స్థాయిలో, స్టాండ్‌బై కోసం ఆగని 'లోకల్' పెట్టుకోవచ్చు.

ఆర్కైవింగ్‌లోనూ ఒక ప్రమాదం ఉంది. ఫైళ్లను బయటికి కాపీ చేసే ఆర్కైవ్_కమాండ్ ఫెయిలవుతూ ఉంటే, వాల్ ఫైళ్లుండే పీజీ_వాల్ ఫోల్డర్ పెరిగి, డిస్క్ నిండి, సర్వరే ఆగిపోతుంది. పీజీ_స్టాట్_ఆర్కైవర్ అనే వ్యూలో ఫెయిల్డ్_కౌంట్ (విఫలమైన ప్రయత్నాల లెక్క) మీద అలర్ట్ తప్పనిసరి. ఉత్త సీపీ (ఫైల్ కాపీ) కమాండ్ బదులు పీజీబ్యాక్‌రెస్ట్ లాంటి బ్యాకప్ టూల్ వాడండి.

ప్రైమరీ ఎదురుచూడని అసింక్రనస్ స్టాండ్‌బై రిపోర్టులకు బాగుంటుంది.

రెండే మెషీన్లుంటే అసింక్రనస్ స్టాండ్‌బై, వేరే స్టోరేజ్‌కు ఆర్కైవింగ్. మూడో మెషీన్ వచ్చాక 'ఎనీ 1'కు మారండి, ఆర్కైవింగ్ మాత్రం ఆపొద్దు.