ఇస్సోన్యే కోట: దొరల ఇంటి గోడల మీద బజారు

ఇటలీ వాయవ్య కొసన, అయోస్తా లోయలో ఉన్న ఈ కోట ముందు బస్సు దిగగానే మా ఆయన "దీనికోసమా ఇంత దూరం తీసుకొచ్చావు?" అన్నారు. ఆయన తప్పేం లేదు. భయపెట్టే బురుజుల్లేవు, ఊరి మధ్య కాస్త పెద్ద పాత ఇల్లులా ఉంది. నది అవతలి గట్టున కొండ మీద వెర్రెస్ కోట మాత్రం ఒక్కో వైపు 30 మీటర్ల రాతి పెట్టెలా కూర్చుని ఉంది. రెండూ ఒకప్పుడు షలాన్ అనే దొరల వంశం వాళ్లవే. అది యుద్ధానికి, ఇది కాపురానికి.

లోపలి వాకిట్లోకి వెళ్లాక ఆయన మళ్లీ మాట్లాడలేదు. నడిమధ్యన ఇనుముతో చేసిన దానిమ్మ చెట్టు, అదే ఫౌంటెన్. కాయలు దానిమ్మవే, ఆకులు మాత్రం ఓక్ చెట్టువి! కొమ్మల్లో బుల్లి డ్రాగన్లు కూడా ఉన్నాయి. 1500 ప్రాంతంలో జార్జ్ ద షలాన్ అనే మఠాధిపతి తన బంధువులైన తల్లీకొడుకుల కోసం ఈ ఇంటిని ఇలా తీర్చిదిద్దించాడు.

నేను కదల్లేకపోయింది మాత్రం వసారాలో. కమానుల కింద గోడల మీద దర్జీ కొట్టు, రొట్టెల కొట్టు, కూరగాయల సంత, ఆటలో మునిగిన కాపలా సైనికులు. 22 ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నదాన్ని, మందుల కొట్టు బొమ్మను వదిలి ఎలా వస్తాను? అరల్లో చీటీలు అంటించిన జాడీలు వరసగా ఉన్నాయి, ఒకడు పెద్ద రోట్లో మందు దంచుతున్నాడు. అచ్చం మా షాపే, కంప్యూటర్ ఒక్కటే తక్కువ. దొరలు సొంత డబ్బుతో కొట్లవాళ్ల బొమ్మలు వేయించుకోవడం నాకు భలే నచ్చింది.

కింది పెద్ద హాల్లో స్తంభాలు, వాటి మధ్య పట్టుతెరలు, వెనక కొండలూ పట్టణాలూ, అన్నీ గోడ మీది రంగులే. సామాను చూసి మాత్రం మరీ మురిసిపోకండి. 1872లో ఈ కోట కొన్న చిత్రకారుడు విత్తోరియో అవోందో కొన్ని పాతవి సంపాదించాడు, మిగతావాటికి నకళ్లు చేయించాడు. 1907లో మొత్తం ప్రభుత్వానికి ఇచ్చేశాడు.

మమ్మల్ని తీసుకెళ్లిన టూర్ వాళ్లు ఇచ్చింది గంట టైమే. టెన్షన్ తప్ప ఏం మిగుల్తుంది? వీలైతే సొంతంగా వెళ్లండి, వెర్రెస్ కూడా కలిపి చూడండి. ఆనాటి వాళ్లు డబ్బు గురించి, ప్రేమ గురించి గోడల మీద గీకిన రాతలు కూడా ఉన్నాయి. వాటి దగ్గర వంగి చూస్తున్నానో లేదో, బయట బస్సు హారన్.